ఒక గుంజ, రెండు పుల్లలు

వెదుళ్లపాడు,
14 జూన్ 2008

కోడలా భవానీ,

అందరం క్షేమం అని మొదలు రాయమని మీ అత్త భారతమ్మ నెత్తి మీద నిలబడి చెప్తున్నది. నా కుడి మోకాలు క్షేమం లేదు, నీ కంప్యూటర్ క్షేమం లేదు. మిగిలినోళ్లం బాగనే ఉన్నం.

నేను మూడో తరగతి దాకా పోయినోణ్ని. ఒత్తులు ఎక్కడ పెట్టాల్నో తెల్వక ఎక్కువే పెట్టిన. అక్కర్లేనివి నువ్వే తీసేసుకో. ఫోన్ చేద్దామంటే మా ఊరికి టవర్ లేదు, చర్లల బూత్ లైను మబ్బు పడితేనే చచ్చిపోతది.

మణుగూరు గని గేటు కాడ ముప్పై ఏండ్లు కావలి ఉన్న మా మామ కంటే నమ్మకమైనోడు దొరకడని మీ సంఘపోళ్లకు చెప్పి నన్ను ఈ కంప్యూటర్ గదిల కూసోబెట్టినవ్. కూసున్న. మీ సంఘం సోమ్లా ఊరూరు తిరిగి అడవి కొట్టి దున్నుకుంటున్న పోడు భూముల ఫోటోలు తీస్తున్నడు, ముసలోళ్ల సాక్ష్యం గొంతులు రికార్డు పడుతున్నడు. ఒక్కో ఊరిది ఒక్కో పుల్లల పోసి ఆ ఊరోళ్ల చేతికే ఇస్తున్నడు. అదే, మీరు పెన్ డ్రైవ్ అంటరు గద, అది. పరాయోడి జేబుల మా భూమిని పంపం అంటున్నరు ఊరోళ్లు. పసుపు గుడ్డల కట్టుకొని, సగం దూరం నడిచి, సగం దూరం బస్సెక్కి నా కాడికి తెస్తున్నరు. ఇదంతా ఆగస్టు 18 గ్రామసభ కోసం. ఆ దినానికి కాగితం లేని ఊరు పట్టా సంగతి మర్చిపోవుడే అని సోమ్లా అంటడు.

ఇప్పుడు విను. మొదటి ఊరి పుల్ల పెట్టిన. నువ్వు చెప్పినట్టే మూడు కూతలు కూసింది. పీకేసి రెండో ఊరిది పెట్టిన. సప్పుడు లేదు. మూడో ఊరిది పెట్టిన. సప్పుడు లేదు. ఆ ఊరి పెద్దమనిషి చూస్తుండంగనే పెట్టెను రెండు చరిచిన. రేడియోకు పనిచేసే వైద్యం దీనికి పనిచెయ్యలే. పెట్టె మీద నువ్వు అంటించిన ఆ పొట్ట పక్షి నన్ను చూసి నవ్వినట్టు అనిపించింది.

జల్దీ ఏదో ఒకటి చెయ్యి. నా ఇజ్జత్ పోతున్నది.

నీ మామ,
ముసలయ్య

ఖమ్మం,
21 జూన్ 2008

మామకు దండాలు,

నువ్వు పంపిన ఒత్తుల్లో మిగిలినవి దాచిపెట్టాను, ఇంకో ఉత్తరానికి సరిపోతాయి. అమ్మ ముదిగొండ నుంచి నీ మోకాలికి నూనె పంపింది. పెట్టెకు మాత్రం దెబ్బలొద్దు మామా, అది సంఘానిది.

పక్షి తప్పేం లేదు. పెట్టెలో ఉన్నది లినక్స్, ఆ పక్షి దాని గుర్తు. ఏ పుల్ల పెట్టినా దాన్ని ఎక్కడో ఒకచోట కట్టెయ్యాలి. కడితేనే అందులో ఉన్నది కనపడుతుంది. మేము దాన్నే మౌంట్ చేయడం అంటాం. మొదటి పుల్లను ఒకచోట కట్టింది. నువ్వు విప్పకుండానే పీకేశావు. ఆ చోటు ఇంకా ఖాళీ కాలేదనుకొని రెండోదాన్ని పక్కన కొత్తచోట కట్టింది, మూడోదాన్ని ఇంకోచోట. నా ప్రోగ్రాం మాత్రం అలవాటు కొద్దీ మొదటి చోటికే పోయి, ఏమీ లేదని ఊరుకుంది.

నీ కొట్టంలో ఒకటే గుంజ ఉందనుకో. ఏ ఎద్దు వచ్చినా దానికే కడతావు కదా. ఇప్పుడు అట్లాగే చేశాను. ఏ ఊరి పుల్లయినా, ఏ కంపెనీదైనా, పెట్టగానే తనంతట తానే ఒకటే చోట కట్టుకుంటుంది. ఆ చోటు పేరు కూడా గుంజ అనే పెట్టాను. ఫోటోలు, గొంతులు పెట్టెలోకి ఎక్కినాక మూడు కూతలు వస్తాయి. అప్పుడు ఎర్ర కాగితం అంటించిన మీట నొక్కు, అది విప్పుతుంది. ఆ తర్వాతే పుల్ల పీకు. పలుపు విప్పకుండా ఎద్దును లాగొద్దు.

సీడీ సోమ్లాతో పంపుతున్నా, అతనే వేస్తాడు. నువ్వు చూస్తూ కూర్చో, చెయ్యి పెట్టకు.

నీ కోడలు,
భవాని

వెదుళ్లపాడు,
8 జూలై 2008

కోడలా,

నీ గుంజ పనిచేస్తున్నది. ఈ మాట రాయనీకె నాకు మనసొప్పలేదు గని మీ అత్త రాయమన్నది.

ఇప్పటికి పన్నెండు ఊర్లు కట్టిన, విప్పిన. ఎర్ర మీట మర్చిపోతనేమో అని మీ అత్త దాని మీద కుంకుమ బొట్టు పెట్టింది. ఇప్పుడు మీట అంటుకొని పోయింది, కొంచెం గట్టిగ నొక్కాల్సి వస్తున్నది. ఆమెను ఏమనకు, నన్నే అను, నేనే పెట్టుమన్న.

మొన్న ఆదివారం మాత్రం కష్టమైన పని పడ్డది. పాలమడుగు నుంచి జంపక్క, రాళ్లతండా నుంచి గోప్యా ఒకటే బస్సు దిగిన్రు. జంపక్క ఆ గూడేనికి పెద్ద. ఆమె మాట దాటి ఆ ఊర్లె కోడి కూయదు. గోప్యా తండాకు పెద్ద. పాలమడుగుకు తొంభై దగ్గర పడ్డ కన్నమ్మ ఉన్నది సూడు, ఆ అడవిల మొదటి పోడు కొట్టినోళ్లల్ల బతికున్నది ఆమె ఒక్కతే. ఆమె సాక్ష్యం మొత్తం జంపక్క కొంగుల ముడేసుకొని తెచ్చింది. ఎవరినీ చిన్నబుచ్చకుండ మర్యాదగ పని కానిచ్చిన. ఇద్దరికీ కలిపి ఆరు కూతలు రావాలె, ఆరే వచ్చినయ్. వేళ్లు మడిచి చూసుకున్న. ఇద్దరూ ఎవరి పుల్ల వాళ్లు తీస్కొని నవ్వుకుంట పోయిన్రు.

సదువుకున్నోళ్లకు ఇది రాదు. మీ ఆఫీసుల ఎవరన్న ఉంటే పంపు, నేర్పిస్త.

మోకాలి నూనె అయిపోయింది. మీ అత్తే సగం రాసుకున్నది.

ముసలయ్య
కంప్యూటర్ కావలి

ఖమ్మం,
20 జూలై 2008

మామా,

బొట్టు పెట్టిన మీటను తడిగుడ్డతో తుడవమని అత్తకు చెప్పు. నీళ్లు పోసి కడగొద్దని కూడా చెప్పు.

నీ పెట్టె నుంచి సోమ్లా ఎక్కించి తెచ్చిన సీడీలు చూశాను. అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. రాళ్లతండా ఫోటోలు రెండుసార్లు ఉన్నాయి. పాలమడుగువి లేవు. ఒక్క ఫోటో లేదు, కన్నమ్మ గొంతు లేదు. సోమ్లాను అడిగితే పాలమడుగుకు మూడు రోజులు పట్టింది, అంతా పుల్లలో పోసి జంపక్క చేతికే ఇచ్చానంటున్నాడు. అతను అలిసిపోయి తండావే రెండు పుల్లల్లో పోశాడేమో, లేక జంపక్కకు ఖాళీది ఇచ్చాడేమో. తన కంప్యూటర్‌లో చూద్దామంటే, పోసినవి పోసినట్టే తుడిచేస్తాడట, అందులో చోటు తక్కువ.

జంపక్కను ఒకసారి మెల్లగా అడుగు. పుల్ల ఖాళీదే అయితే సోమ్లా మళ్లీ పోయి కన్నమ్మను మాట్లాడిస్తాడు. ఇంకా టైముంది.

మెల్లగా అన్న మాట రెండుసార్లు చదువు మామా.

భవాని

వెదుళ్లపాడు,
27 జూలై 2008

భవానీ,

టైము లేదు. కన్నమ్మ పోయింది. పది దినాలైంది. జరం వచ్చి భద్రాచలం దవాఖానాకు తీస్కపోదామనే లోపల్నే పోయింది. ఇంక ఎవరిని మాట్లాడిపిస్తడు సోమ్లా.

నువ్వు మెల్లగ అడుగుమన్నది రెండుసార్లే చదివిన. శుక్రవారం సంతల జంపక్క కనబడ్డది. ఉల్లిగడ్డలు ఏరుతున్నది. నేను మెల్లగనే అడుగుదామని పోయిన. గని నా గొంతు సంగతి నీకు తెలుసు, గనిల లారీలను ఆపిన గొంతు. "జంపక్కా, ఖాళీ పుల్ల తెచ్చిస్తివి గదా, పెద్దదానివై గంత దూరం ఉత్తదే మోసుకొస్తివా" అన్న. సగం సంత తిరిగి చూసింది. ఆమె ఉల్లిగడ్డలు ఆడనే పెట్టి వెళ్లిపోయింది.

పుల్ల ఇయ్యి, తుడిచి ఇంకో ఊరికి వాడుకుంట అని సోమ్లా పోయి అడిగిండట. "ఉత్తదే అయితే మీకెందుకు, నా కాడనే ఉండనీ" అన్నదట. కొంగుకే ముడేసుకొని తిరుగుతున్నది. మొండిది.

నువ్వు మళ్ల నా మీదికి రాకు. నా చేతి పనిల పొరపాటు లేదు. ఎట్ల చేసిన్నో చెప్త విను. రెండు ఊర్ల పెద్దలు ఒక్కసారే గడప తొక్కితే మా దిక్కు ఎవరికీ ముందు ఇయ్యరు, ఎవరికీ ఎనుక ఇయ్యరు. రెండు నీళ్ల చెంబులు రెండు చేతులల్ల పట్టుకొని ఒక్కసారే అందిస్తరు. మా నాయన గట్లనే ఇచ్చిండు. జంపక్కది ముందు పెడితే గోప్యా మొహం మాడుస్తడు. గోప్యాది ముందు పెడితే ఆమె మా గడప మళ్ల తొక్కదు. అందుకే కుడిచేత ఒకటి ఎడమచేత ఒకటి పట్టుకొని రెండు బొక్కలల్ల రెండు పుల్లలు ఒక్కసారే పెట్టిన. నా కండ్ల ముందట రెండూ మినుకు మినుకుమన్నయ్. ఆరు కూతలు. ఇంక నా తప్పేమున్నది.

ముసలయ్య

ఖమ్మం,
30 జూలై 2008

మామా,

ఈ ఉత్తరం కూర్చొని చదువు. అత్తను దగ్గర ఉండమను.

జంపక్క పుల్ల ఖాళీది కాదు. ఎప్పుడూ కాదు.

నేను గుంజ ఒకటే పెట్టాను. నువ్వు రెండు ఎడ్లను ఒక్కసారే తోలుకొచ్చావు. పెట్టె ఏం చేసిందంటే, జంపక్క పుల్లను ముందు కట్టింది, దాని మీదనే గోప్యా పుల్లను కట్టింది. చాప మీద చాప పరిచినట్టు. పైచాప మీద కూర్చున్నవాడికి కిందిది కనపడదు, కానీ అది ఎక్కడికీ పోదు. నా ప్రోగ్రాం రెండుసార్లు వచ్చి రెండుసార్లూ పైన ఉన్నదాన్నే మోసుకుపోయింది. ఒక్కోసారికి మూడు కూతలు. నీ లెక్క తప్పలేదు మామా, ఆరు కూతలు నిజమే. రెండుసార్లూ రాళ్లతండావే.

సోమ్లాను అనవసరంగా అనుమానించాను, అతనికి ఈ రోజే చెప్పాను. తప్పులో నాకూ వాటా ఉంది. రెండు పుల్లలు ఒక్కసారే ఎవరైనా పెడతారని నాకు తట్టలేదు. మా ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు మార్చాను. మొదటిది విప్పేదాకా రెండోది ఎన్నిసార్లు పెట్టినా పెట్టె పట్టించుకోదు. సీడీ ఇందులోనే ఉంది, సోమ్లా వేస్తాడు.

కన్నమ్మ గొంతు ఆ కొంగు ముడిలో ఉంది. దాన్ని ఎవరూ తుడవకుండా చూడు. ఆగస్టు 14 లోపల నాకు చేరాలి. లేకపోతే పాలమడుగు ముప్పై ఏడు ఇండ్లూ గ్రామసభలో ఒట్టి చేతులతో నిలబడతాయి.

జంపక్క దగ్గరికి పోయేటప్పుడు నీకు కష్టమనిపిస్తే, కంప్యూటర్ పిల్ల తప్పు చేసిందని చెప్పు. నేనేమీ అనుకోను.

భవాని

వెదుళ్లపాడు,
5 ఆగస్టు 2008

కోడలా,

కార్డు మీదనే రాస్తున్న. గోదారి ఎక్కింది, చర్ల బస్సులు బంద్. భద్రాచలం పోయే ట్రాక్టరోడు ఇప్పుడే బయలెల్లుతున్నడు.

నీ ఉత్తరం చదివినంక రెండు దినాలు అన్నం సైపలే. మూడో దినం నడిచి పాలమడుగు పోయిన, వాగుల నడుం దాకా నీళ్లు. నువ్వు చెప్పుమన్నట్టే చెప్పిన, ఖమ్మంల కంప్యూటర్ పిల్ల తప్పు చేసింది అని. జంపక్క చాటల ఇప్పపలుకులు ఏరుకుంటనే అడిగింది, "సంతల నన్ను అన్నది ఆ పిల్లనా, నువ్వా" అని.

పుల్ల ఇయ్యలే. చల్ల ఇచ్చింది. తాగి వచ్చిన. నీళ్లల్ల పోతే ఇంత సిగ్గు కాకపోవు.

ముసలయ్య

ఖమ్మం,
8 ఆగస్టు 2008

మామా,

నా పేరు చెప్పమన్నది నేనే. అది నా తెలివితక్కువ. పెట్టె పిల్లది, పిల్ల తప్పు చేసింది అంటే, జంపక్క కన్నమ్మ గొంతును మళ్లీ ఆ పెట్టెలోనే ఎందుకు పెడుతుంది? నేనైనా పెట్టను.

ఆమె అడిగింది చిన్న మాట. ఎవరన్నారో వాళ్లే చెప్పాలి, ఎక్కడన్నారో అక్కడే చెప్పాలి. నీ కోసం ఆ పని నేను చేయలేను.

బస్సులు లేకపోతే సోమ్లా మణుగూరు మీదుగా వస్తానన్నాడు. ఇంకా ఆరు రోజులున్నాయి.

భవాని

వెదుళ్లపాడు,
20 ఆగస్టు 2008

కోడలా భవానీ,

మా ఇంట్ల ఇప్పుడు నా మాటకు ఇలువ లేదు. ఎందుకో కింద రాస్త. ముందు మోకాలు సంగతి: వాగుల నానినంక నయమైంది. మీ అమ్మకు చెప్పు, నూనె అక్కర్లేదు, వాగు పంపుమను.

నీ కార్డు శుక్రవారం దాటినంక అందింది. గోదారి ఎక్కి ఆ శుక్రవారం సంత జరగలే, తీసినంక సోమవారం పెట్టిన్రు, పదకొండో తారీకు. పొద్దుగాలనే పోయిన. జంపక్క వస్తదని తెలుసు, ఉప్పు కావాలె ఆమెకు. ఆడ పేను మందు అమ్మేటోడు మైకు పెట్టుకొని అరుస్తున్నడు. ఒక్క నిముషం ఇయ్యరా అన్న. ఏం అమ్ముతవ్ తాతా అన్నడు. నన్నే అన్న.

మైకు పట్టుకున్న. గని గేటు కాడ ముప్పై ఏండ్లు రెండు లారీలను ఒక్కసారి లోపలికి పోనియ్యనోణ్ని, ఒక్క గుంజకు రెండు ఎడ్లు కట్టిన గదా అని అదే యాదికొస్తున్నది. ఆఖరికి చెప్పిన. "పాలమడుగు జంపక్క ఖాళీ పుల్ల తెచ్చిందని ఈడనే అన్న. అది నిండు పుల్ల. ఖాళీగ ఉన్నది నా తలకాయ. తప్పు నాది, పెట్టెది కాదు, ఖమ్మం పిల్లది కాదు" అన్న. పేను మందు కోసం నిలబడ్డోళ్లు చప్పట్లు కొట్టిన్రు. ఆ మందోడైతే రేపు కూడ రా తాతా, జనం బాగ ఆగిన్రు అన్నడు.

జంపక్క ఉప్పు మూట నా చేతిల పెట్టి, నడువు అన్నది. అంతే.

గదికి వచ్చేసరికి గడప కాడ గోప్యా కూసొని ఉన్నడు. తండాల మూడు ఇండ్లు మొదట జాబితాల రాలేదట, వాటి ఫోటోల పుల్ల తెచ్చిండు. చూడు నా రాత. మళ్ల ఇద్దరు పెద్దలు, మళ్ల రెండు పుల్లలు. నా రెండు చేతులు వాటంతట అవే లేస్తున్నయ్. ఎనుకకు కట్టుకొని నిలబడ్డ. ఎవరిది ముందు పెట్టాలె అని నోరు తెరిచి అడిగిన. అరవై ఎనిమిదేండ్లల్ల గట్ల అడుగుడు అదే మొదలు.

జంపక్క ఎంటనే అన్నది, "గోప్యాది పెట్టు. మా భూమి నలభై ఏండ్ల సంది ఆగుతనే ఉన్నది, ఇంకో పావుగంటకు దానికేం కాదు."

గోప్యా ఒప్పుకోలే. "మూడిండ్లది నాది, ముప్పై ఏడిండ్లది నీది. నీదే పెట్టాలె" అన్నడు. ఆమె వద్దన్నది, ఆయన వద్దన్నడు. నువ్వు ముందంటే నువ్వు ముందని ఇద్దరు కొట్లాడుకున్నరు. జులైల నన్ను ఒక్కమాట అడగనిస్తే ఇదంత ఉండకపోవు. అడగనియ్యంది ఎవరు, నా మర్యాద. మీ అత్త వచ్చి ఇద్దరి చేతులల్ల పుల్లలు గుంజుకొని గోప్యాది నాకిచ్చింది, అట్ల తెగింది.

గోప్యాది కట్టిన, మూడు కూతలు, విప్పిన. జంపక్కది కట్టిన. సోమ్లా అక్కడనే ఉన్నడు, కన్నమ్మ గొంతు వినిపించుమన్నది జంపక్క. వినిపించిండు. వాగు కాడ మొదలుపెట్టి ఏ చెట్టు ఎవరు కొట్టిండో, ఏ రాయి కాడ ఎవరి బిడ్డ పుట్టిందో, వరస తప్పకుండ చెప్పుకుంట పోయింది ముసల్ది. మధ్యల "ఆగు నాయనా, నీళ్లు తాగుత" అన్నది. గ్లాసు కింద పెట్టిన సప్పుడు కూడ వచ్చింది. జంపక్క నిలబడే విన్నది. ఒక్కసారి గూడ కూసోలే. మేమెవ్వరం కూసోలే.

సోమ్లా మణుగూరు మీదికెళ్లి నీకు చేర్చింది నీకు తెలుసు. ఫోటోల కాగితాలు, కన్నమ్మ మాటలు రాసిన కాగితాలు పదహారున వచ్చినయ్. ఇప్పుడు గ్రామసభ.

పాలమడుగు వంతు వచ్చింది. కాగితాలు చూసే ఆయన మంచోడే, గని కాగితం మనిషి. ఈ కన్నమ్మ ఎవరు, వేలిముద్ర వెయ్యమనుండ్రి అన్నడు. పోయింది సార్ అన్నరు. పోయినామె గొంతు అని నాకెట్ల తెలుస్తది, పోయినంక ఎవరో మాట్లాడి పట్టిన్రేమో, ఈ పుల్ల ఇన్ని దినాలు ఎవరెవరి చేతులల్ల తిరిగిందో అన్నడు. పాలమడుగోళ్లు తలలు దించిన్రు. అంత మొండి జంపక్క నా దిక్కు చూసింది.

నేను లేచిన. మళ్ల మైకు. అలవాటైంది.

"ఎవరి చేతులల్ల గూడ తిరగలే సార్" అన్న. "జులై ఆరున ఆమె బతికుండంగనే జంపక్క దీన్ని నాకు తెచ్చిచ్చింది. ఎక్కించుడు రాక, ఎక్కిందనుకొని మర్ల చేతికిచ్చింది నేను. అది ఖాళీదని సంతల ఆమెను అవమానం చేసింది నేను. ఆ కోపంతోటి ఆమె ఈ పుల్లను కొంగు ముడిల నుంచి తియ్యలే, సోమ్లా అడిగితే ఇయ్యలే, నేను వాగు దాటిపోయి అడిగినా ఇయ్యలే. సంతకొచ్చే పది ఊర్లోళ్లు ఆ ముడి చూసిన్రు. నేను ఇంత తెలివితక్కువ పని చెయ్యకపోతే ఇది ఎవరి కాడ ఉన్నదో ఎవరికీ తెల్వకపోవు."

అవ్, మేము చూసినం అని ఎనుక నుంచి గోప్యా అన్నడు. ఇంకొకరు అన్నరు. పేను మందు కొన్నోళ్లు కూడ అన్నరు. ఆ సారు నవ్వు ఆపుకొని, ఈ మాట రాసిస్తవా అన్నడు. నా రాత సంగతి తెల్వదు పాపం. నేను చెప్తుంటే పంచాయతీ సెక్రటరీ రాసిండు. కింద నేను సంతకం పెట్టిన. పాలమడుగు ముప్పై ఏడు ఇండ్లు తీర్మానంల ఎక్కినయ్. రాళ్లతండా నలభై మూడు ఎక్కినయ్. ఇంక పైకి పోవాలె, అది వేరే సంగతి.

బయటికి వచ్చినంక జంపక్క నా పక్కన నడిచింది. ఇంత బాగ తిట్టుకుంటవని తెలిస్తే మొదటి రోజే పుల్ల ఇచ్చేదాన్ని అన్నది.

తీర్మానంల నా గురించి ఏం రాసిన్రో మీ అత్త సోమ్లాతోటి మూడుసార్లు చదివించుకున్నది. "కావలి ముసలయ్య తన అజ్ఞానము వలన రెండు పుల్లలను ఒకేసారి చొప్పించి" అని ఉన్నదట. ఇప్పుడు ఇంట్ల చారుల ఉప్పు ఎక్కువైందని అంటే చాలు, అజ్ఞానము వలన అంటున్నది. పని చేసినన్ని ఏండ్లు నా పేరు సర్కారు కాగితం మీద ఎక్కలే. ఎక్కినప్పుడు గిట్ల ఎక్కింది.

అయినా ఆ కాగితం ఒకటి నాక్కూడ పంపు. గదిల పెట్టె పక్కన అంటిస్త. కొత్తగ పుల్ల తెచ్చేటోళ్లు చదువుకుంటరు.

ముసలయ్య